లాంగ్‌బో ఎంపికలో మన లెక్క వేరు

హైదరాబాద్ ఉప్పల్‌లోనో నాచారంలోనో ఉండే ఒకరు సొంతంగా ఒక లాంగ్‌బో చేయించుకోవాలనుకుంటే డబ్బు కంటే ముందు సలహా దగ్గర ఇబ్బంది పడతారు. తెలుగు నేలకు విలువిద్యలో పేరు లేక కాదు. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచారు. అదే ఊరి బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకితా భకత్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్ళారు. పెద్దపల్లి జిల్లా అమ్మాయి తనిపర్తి చికిత 2025లో ప్రపంచ యూత్ చాంపియన్ అయ్యారు. అయితే సురేఖ, చికిత పట్టేది కప్పీలున్న కాంపౌండ్ విల్లు. ధీరజ్‌ది కొసలు ముందుకు తిరిగిన రికర్వ్. గురిచూసే సైటు, ఊగిసలాట ఆపే స్టెబిలైజరు ఏమీ లేకుండా ఒకే వంపుతో నిలిచే పొడుగాటి విల్లు గురించి మన కోచ్‌లకు ఆలోచించాల్సిన పని పడలేదు. కాబట్టి సలహా ఇంగ్లండ్ నుంచో అమెరికా నుంచో అరువు వస్తుంది: ఇన్ని పౌండ్లకు తగ్గొద్దు, 68 అంగుళాలు ఉండాలి, యూ కర్రో ఓసేజ్ కర్రో అయితేనే విల్లు. ఈ మాటలు పుట్టినచోట నిజమే. కానీ ప్రతిదాని వెనకా ఒక యుద్ధమో, ఒక వేటో, ఒక చల్లటి గాలో, ఒక ఆరడుగుల మనిషో ఉన్నారు. ఉప్పల్‌లో అవేవీ లేవు. ఆ కారణాలు లేనప్పుడు వాటి మీద కట్టిన నియమాలను కూడా పక్కన పెట్టి మళ్ళీ మొదటి నుంచి లెక్క వేసుకోవాలన్నదే ఈ వ్యాసం వాదన.

ముందు బలం సంగతి. విల్లును పూర్తిగా లాగి పట్టినప్పుడు వేళ్ళ మీద పడే బలాన్ని డ్రా వెయిట్ అంటారు, పౌండ్లలో చెబుతారు. లాంగ్‌బో అనగానే పెద్ద అంకె వినిపించడానికి మొదటి మూలం ఇంగ్లిష్ యుద్ధ విల్లు. ఎనిమిదో హెన్రీ కాలపు యుద్ధనౌక మేరీ రోజ్ 1545లో మునిగింది, 1982లో దాన్ని పైకి తీశారు. ఆ నౌకలో విరగని విల్లులు 137 దొరికాయి, బాణాలు మూడున్నర వేలకు పైనే. ఆ విల్లుల డ్రా వెయిట్ 100 నుంచి 185 పౌండ్ల మధ్య ఉండేదని అంచనా వేశారు. కవచం తొడిగిన శత్రువును దూరం నుంచి కొట్టాలి గనుక అంత బలం కావాల్సి వచ్చింది. వాటిని పట్టినవాళ్ళు చిన్ననాటి నుంచీ లాగుతూ పెరిగినవాళ్ళు. నౌకలో దొరికిన కొన్ని అస్థిపంజరాల భుజాల్లో ఆ శ్రమ గుర్తులున్నాయని పరిశోధకులు భావించారు. రెండో మూలం అమెరికా వేట. అక్కడ సంప్రదాయ విల్లు మళ్ళీ ఊపిరి పోసుకున్నదే సాక్స్టన్ పోప్ లాంటి వేటగాళ్ళ చేతుల్లో. జింకను కొట్టే విల్లుకు ఇంతకు తగ్గకూడదని అక్కడి చాలా రాష్ట్రాల నిబంధనల్లోనే ఉంటుంది. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. ఇక్కడ లాంగ్‌బో పట్టేవాళ్ళ ఎదుట ఉండేది గడ్డి మోపో ఫోమ్ దిమ్మో. దాన్ని చంపాల్సిన పని లేదు, తగిలితే చాలు.

బలం తగ్గితే బాణం నత్తనడక నడుస్తుందేమోనన్న భయాన్ని ఒక చిన్న లెక్కతో తీర్చుకోవచ్చు. 26 అంగుళాల దగ్గర 30 పౌండ్లు చూపే విల్లును తీసుకుందాం. అల్లెతాడు నిలిచిన చోటు నుంచి లాగి పట్టిన చోటు దాకా అది నడిచే దూరం దాదాపు 45 సెంటీమీటర్లు. లాంగ్‌బోలో బలం ఇంచుమించు సమంగా పెరుగుతూ పోతుంది కాబట్టి అందులో నిలవ చేరే శక్తి సుమారు 30 జౌళ్ళు. అందులో మూడింట రెండు వంతులు బాణానికి అందుతాయనుకుందాం. కర్ర విల్లుకు మంచిదని చెప్పే కొలత ప్రకారం పౌండుకు 10 గ్రెయిన్ల బాణం వాడితే దాని బరువు 300 గ్రెయిన్లు, అంటే 19 గ్రాములకు కాస్త ఎక్కువ. అది సెకనుకు 45 మీటర్ల దరిదాపు వేగంతో వెళ్తుంది. ఇప్పుడు 45 పౌండ్ల విల్లుకు ఇదే లెక్క వేయండి. శక్తి ఒకటిన్నర రెట్లు, బాణం బరువూ ఒకటిన్నర రెట్లు. వేగం దాదాపు అదే. అంటే అదనపు 15 పౌండ్లు ఇచ్చేది బాణం లోతుగా దిగే గుణాన్ని మాత్రమే. వేటగాడికి అది ప్రాణం. 18 మీటర్ల దూరంలో కాగితపు లక్ష్యాన్ని కొట్టేవాళ్ళకు అది భుజం నొప్పి తప్ప మరేమీ కాదు.

దీనికి అనుభవజ్ఞులు చెప్పే అభ్యంతరం ఒకటుంది, అది బరువైనదే. మరీ తేలిక విల్లులో అల్లెతాడు వేళ్ళ మీద నుంచి శుభ్రంగా జారదు, వదలడంలో చేసే తప్పు బాణంలో పెద్దదై కనిపిస్తుంది, బలమైన విల్లు ఆ తప్పును కొంత కప్పేస్తుంది అంటారు. ఇది నిజం. అందుకే ఎంత తేలికైతే అంత మేలని నేను అనను. కానీ ఈ వాదన 20 పౌండ్ల కింద ఉన్న విల్లుల మీద పనిచేస్తుంది గానీ 30 పౌండ్ల విల్లు మీద పనిచేయదు. పైగా చేతికి మించిన విల్లు చేసే చెడు ఇంతకంటే పెద్దది. భుజం చెవి దగ్గరికి లేస్తుంది, పూర్తిగా లాగకముందే వేళ్ళు వదిలేస్తాయి, గురి మీద నిలవడానికి ఒక్క క్షణం కూడా మిగలదు. ఆ అలవాటు ఒకసారి పడితే విల్లు మార్చినా పోదు. లాగి పట్టి నాలుగైదు సెకన్లు వణుకు లేకుండా నిలపగలిగినదే మన విల్లు. నా దృష్టిలో కొత్తగా మొదలుపెట్టే పెద్దవాళ్ళలో చాలామందికి అది 25, 32 పౌండ్ల మధ్య ఎక్కడో ఉంటుంది. ఒంటి తీరును బట్టి ఇంకా తగ్గినా చిన్నతనం పడాల్సింది లేదు.

అసలు చేయించుకోవడం ఎందుకు, రెడీమేడ్ విల్లు కొనుక్కుంటే సరిపోదా అనేవాళ్ళకు జవాబు కొలతలో దొరుకుతుంది. బజారులో అమ్మే విల్లు మీద రాసే పౌండ్లు 28 అంగుళాల లాగుడుకు కొలిచినవి. పరిశ్రమ పెట్టుకున్న ప్రమాణం అది. మనిషి ఎంత వరకు లాగగలడన్నది, అంటే డ్రా లెంగ్త్, చేతులు రెండూ చాచిన కొలతను రెండున్నరతో భాగిస్తే సుమారుగా తెలుస్తుంది. చాచిన చేతుల కొలత ఎత్తుకు దగ్గరగా ఉంటుంది. 165 సెంటీమీటర్ల మనిషి లాగేది 66 సెంటీమీటర్లు, అంటే 26 అంగుళాలు. స్త్రీలలో చాలామందికి ఇంకా తక్కువే. అంగుళం తగ్గితే రెండు, మూడు పౌండ్లు తగ్గుతాయి కాబట్టి 35 పౌండ్లని రాసి ఉన్న విల్లు వీళ్ళ చేతిలో 30 పౌండ్లే చూపిస్తుంది. అదొక్కటే అయితే సర్దుకోవచ్చు. 28 అంగుళాల లాగుడును మనసులో పెట్టుకుని చేసిన 68 అంగుళాల విల్లు 26 దగ్గర ఆగిపోతే దాని కొమ్ములు, అంటే పిడికి అటూ ఇటూ వంగే భాగాలు, వంగాల్సినంత వంగవు. అక్కర్లేని పొడవు, అక్కర్లేని బరువు కొసల్లో మోస్తూ ప్రతి బాణానికీ కొంత శక్తిని తామే తినేస్తాయి. 26 అంగుళాల మనిషికి 64 నుంచి 66 అంగుళాల విల్లు సరిపోతుంది. పొట్టి విల్లు అయితే వేళ్ళు నొక్కుకుపోతాయని, చివర్లో ఒక్కసారిగా బిగుసుకుంటుందని చెప్పేది ఆరడుగుల మనిషి విషయంలోనే నిజం.

చేసేవాళ్ళకు ఈ కొలత ఎందుకంత ముఖ్యమో కర్ర స్వభావమే చెబుతుంది. విల్లు కొమ్ము బిగువు వెడల్పుతో నేరుగా పెరుగుతుంది, మందంతో మాత్రం ఘనంగా పెరుగుతుంది. మందం పదో వంతు తగ్గిస్తే బలం పాతిక శాతం పైనే పడిపోతుంది. కాబట్టి పని చివరి దశ అంతా గీకుతూ, వంచి చూస్తూ, మళ్ళీ గీకుతూ సాగుతుంది. రెండు కొమ్ములూ సమంగా వంగేలా సరిచేసే ఈ పనిని టిల్లరింగ్ అంటారు, విల్లు మంచిచెడ్డలు తేలేది ఇక్కడే. బలం తగ్గించడం చేతిలో పని. పెంచాలంటే విల్లును కొసల దగ్గర కోసి పొట్టి చేయడం తప్ప సులువైన దారి లేదు. ఎంత లాగుతారో తెలియకుండా గీకిన విల్లు ఎవరికోసమో చేసిన విల్లు అవుతుంది. అందుకే ఆర్డరులో కర్ర పేరు కంటే ముందు రాయాల్సిన వాక్యం ఇది: ఇన్ని అంగుళాల దగ్గర ఇన్ని పౌండ్లు, అంతకు మించి ఒక అంగుళం దాకా ప్రమాదం లేకుండా వంగాలి. కుడిచేతి వాటమా ఎడమచేతి వాటమా అన్నది, పిడి మీద బాణం ఆనడానికి గాడి కావాలా చేతి మీద నుంచే వేస్తారా అన్నది ఆ తర్వాతి మాట.

ఇక్కడొక చిక్కు వస్తుంది. కొత్తవాళ్ళ డ్రా లెంగ్త్ నిలకడగా ఉండదు. మొదటి నెలల్లో భుజం ముడుచుకుని, మోచేయి ముందుకే ఉండిపోయి లాగుడు తక్కువ వస్తుంది. వీపు కండరాలతో లాగడం అలవాటయ్యాక అది అంగుళం దాకా పెరగవచ్చు, ముఖం మీద వేళ్ళు ఆనే చోటు మారితే తగ్గనూ వచ్చు. చేతుల కొలతను భాగించే సూత్రం ఎటు వైపు ఉన్నామో చెబుతుందే తప్ప అంగుళంలో నాలుగో వంతు దాకా నమ్మదగినది కాదు. కాబట్టి మొదటి విల్లుగా చేయించుకున్న విల్లు తీసుకోవడం మంచి ఆలోచన కాదని నేననుకుంటాను. కొన్నాళ్ళు తేలికపాటి చవక విల్లుతో, అది కొమ్ములు విప్పే రికర్వ్ అయినా సరే, సాధన చేసి, బాణం మీద అంగుళాలు గీసుకుని మరొకరిచేత చూపించుకుని, వారాల తరబడి అదే అంకె వస్తే అప్పుడు ఆర్డరివ్వాలి. రెండుసార్లు ఖర్చు కదా అంటారు. చవక విల్లుకు పెట్టింది తర్వాత అమ్ముకుంటే కొంతైనా తిరిగొస్తుంది. తప్పు కొలతకు చేయించిన విల్లును ఇంకెవరి కొలతకూ అమ్మలేరు.

ఇక కర్ర. యూ కర్ర గొప్పతనం దాని రెండు పొరల్లో ఉంది. బయటి తెల్ల పొర సాగడాన్ని తట్టుకుంటుంది, లోపలి ఎర్ర చేవ నొక్కుడును తట్టుకుంటుంది. ఒకే చెట్టులో రెండూ కలిసి రావడం అరుదు. అయితే వేడిలో యూ విల్లు నీరసపడుతుందని పాశ్చాత్య విలుకాళ్ళే చెబుతారు. మన ఎండలు ఎలాంటివో చెప్పాల్సిన పని లేదు, మే నెలలో హైదరాబాద్ 40 డిగ్రీలు దాటుతుంది. అంతకంటే పెద్ద పరీక్ష తేమ. కర్ర తన చుట్టూ ఉన్న గాలితో తేమ ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. గాలిలో తేమ 30 శాతం ఉంటే కర్రలో చివరికి మిగిలేది 6 శాతం, 80 శాతం ఉంటే దాదాపు 16. కర్ర విల్లు హాయిగా పనిచేసేది 8, 10 శాతం దగ్గర. మన ఏప్రిల్ మధ్యాహ్నాలు మొదటి అంచుకు, ఆగస్టు ముసుర్లు రెండో అంచుకు చేరుస్తాయి. ఎండిన విల్లు పెళుసై విరుగుతుంది, తడిసిన విల్లు వంగి వంగినట్టే ఉండిపోతుంది. పూత వేస్తే ఈ రాకపోకలు నెమ్మదిస్తాయి, ఆగవు. చల్లటి దేశంలో ఆరబెట్టి, అక్కడి గాలిలో సరిచేసి, విమానంలో తెప్పించిన విల్లు ఇక్కడికి వచ్చాక మొదటి ఏడాది ఎలా మారుతుందో దాన్ని చేసినవాళ్ళు కూడా చెప్పలేరు. ఇక అతికించిన పొరల విల్లును ఎండలో ఆపిన కారులో వదిలితే వేడికి జిగురు మెత్తబడి పొరలు విడిపోయే ప్రమాదం ఉంది. ఈ మాట ఎక్కడ చేసిన పొరల విల్లుకైనా వర్తిస్తుంది.

ఈ గాలికి పుట్టిన పదార్థం వెదురు. దీన్ని మన గొప్ప చాటుకోవడానికి అనడం లేదు, నిర్మాణం చూసి అంటున్నాను. వెదురు బొంగులో నార అంతా బయటి చర్మం వైపు దట్టంగా చేరి ఉంటుంది. ఆ చర్మాన్ని గీకకుండా విల్లు వీపుగా, అంటే లక్ష్యం వైపు ఉండేలా పెడితే సాగడాన్ని అది తట్టుకున్నంతగా కర్రలు చాలావరకు తట్టుకోవు. నొక్కుడు వైపు అది అంత గట్టిది కాదు. అక్కడ గట్టి కర్ర బద్దను అతికిస్తారు, లేదా వేడి చేసి బిగించిన మరో వెదురు బద్దనే వాడతారు. పాత సాక్ష్యమూ ఉంది. కౌటిల్యుని అర్థశాస్త్రం విల్లుకు తాటి, వెదురు, కర్ర, జంతువు కొమ్ము అనే నాలుగు పదార్థాలను చెబుతుంది. అల్లెతాటికి జిల్లేడు నార, జనుము, వెదురు, నరం వంటివి చెబుతుంది. అలెగ్జాండర్ నౌకాధిపతి నియార్కస్ రాతల ఆధారంగా గ్రీకు చరిత్రకారుడు అరియన్ వర్ణించిన భారతీయ కాలిబంటు విల్లు, దాన్ని పట్టిన మనిషంత పొడవు. నేల మీద ఆనించి ఎడమ పాదంతో తొక్కి లాగేవారు. మన దగ్గరికే వస్తే, 1940ల్లో నిజాం రాజ్యంలో నల్లమల చెంచులతో కలిసి జీవించి రాసిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ వాళ్ళ బతుకులో విల్లంబుల చోటును వివరంగా నమోదు చేశాడు. ఇదంతా గతమే కదా అనేవాళ్ళు భూటాన్ వైపు చూడాలి. అక్కడ విలువిద్య 1971 నుంచి జాతీయ క్రీడ. లక్ష్యం 140 మీటర్లకు పైనే. వర్షాలు కురిసే ఆ దేశంలో వెదురు విల్లు నేటికీ పోటీల్లో ఉంది. జపాన్‌లో రెండు మీటర్లు దాటే యూమి విల్లుకూ వెదురు బద్దలే ప్రాణం. అమెరికాలో లాంగ్‌బోకు మారుపేరైన హోవర్డ్ హిల్ సైతం వెదురు పొరల విల్లునే నమ్ముకున్నాడు.

వెదురు మీద ఉన్న ఫిర్యాదుల్లో ఒకటి మాత్రం పట్టించుకోవాలి: అది పుచ్చుతుంది. వెదురులోని పిండిపదార్థం కోసం పురుగు చేరుతుంది. వానలు వెళ్ళాక చలికాలంలో ముదురు వెదురును నరికి, నీడన నెలల తరబడి ఆరబెట్టి, బోరాక్స్ నీళ్ళతో శుద్ధి చేస్తే ఈ సమస్య చాలావరకు తీరుతుంది. ఎప్పుడు కోశారు, ఎంతకాలం ఆరింది అన్న రెండు ప్రశ్నలు విల్లు చేసేవాళ్ళను అడగడానికి మొహమాటపడొద్దు. రెండో ఫిర్యాదు శుద్ధ సంప్రదాయవాదులది. వెదురు మీద ఫైబర్‌గ్లాస్ పొర వేస్తే అది లాంగ్‌బో కాదంటారు. బ్రిటిష్ లాంగ్‌బో సొసైటీ దృష్టిలో కాదు. ప్రపంచ ఆర్చరీ సంస్థ నియమాల్లో మాత్రం పదార్థం మీద ఆంక్ష లేదు. రూపం, కర్ర బాణం ముఖ్యం, పొడవు స్త్రీలకు 150, పురుషులకు 160 సెంటీమీటర్లకు తగ్గకూడదు. మన వానాకాలాన్ని తలచుకుంటే సన్నటి గ్లాస్ పొర వేయించుకున్నవాళ్ళను నేను తప్పు పట్టను. పోటీల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన దేశంలో స్కూలు, జాతీయ స్థాయిల్లో ఇండియన్ రౌండ్ అనే విభాగం ఉంది. వెదురు, కర్ర విల్లులతో 30, 50 మీటర్ల దూరాల్లో వేస్తారు. పతకం కోసం చూసేవాళ్ళు ముందుగా దాని నిబంధనలు చదివి, తర్వాతే విల్లు రూపం ఎంచుకోవాలి.

ఉప్పల్, నాచారం వాసులకు ఈ విషయంలో ఒక అనుకూలత ఉంది. రెండూ పారిశ్రామిక వాడలు. కర్రను సన్నగా కోయడం, సమంగా సానపట్టడం, జిగురుతో అదిమి ఆరబెట్టడం తెలిసిన చిన్న వర్క్‌షాపులున్న ప్రాంతం. పొరుగున తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) దశాబ్దాలుగా పాలిమర్లు, జిగుర్లు, పూతల మీద పనిచేస్తున్న సంస్థ. నగరంలో వెదురును చీల్చి బద్దలు తీయడం కులవృత్తిగా ఉన్న మేదరులున్నారు, ఏ బొంగు చేవ తేలిందో చేత్తో పట్టి చెప్పగలిగిన వాళ్ళు. 2017 చివర్లో భారత అటవీ చట్టాన్ని సవరించి, అడవి బయట పెంచిన వెదురును చెట్టు నిర్వచనం నుంచి తీసేశారు. కాబట్టి పెరట్లోనో పొలంలోనో పెరిగిన వెదురును కోయడానికి, తేవడానికి పాత అనుమతుల బాధ తగ్గింది. విల్లు చేసే నైపుణ్యం వీటన్నిటికంటే భిన్నమైనదే, అది ఒక్క రోజులో రాదు. కానీ ఒకరు నేర్చుకోవాలనుకుంటే సామగ్రి, సాయం కోసం సముద్రం దాటాల్సిన పని లేదు. అప్పటిదాకా దేశంలో మరెక్కడైనా చేయించినా ఇక్కడి గాలిని, ఎండను చెప్పి చేయించాలి.

చోటు విషయం కూడా తేలిక విల్లు వైపే మొగ్గుతుంది. ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉన్న కాలనీల్లో డాబా మీద నుంచి బాణం వేయడం నేరానికి దగ్గరి పని. 30 పౌండ్ల విల్లు నుంచి ఎత్తుగా వదిలిన బాణం కూడా వంద మీటర్లు దాటుతుంది. గోడ వెనక ఉన్న మూసిన చోట, ఐదు మీటర్ల దూరంలో దిమ్మ పెట్టుకుని రూపం సరిదిద్దుకోవడం ఇంటి దగ్గర చేయగలిగిన సాధన. దూరం వేయాలంటే వెనక మట్టిగట్టో వలో ఉన్న మైదానం కావాలి. సాధన అంతా ఐదు, పద్దెనిమిది మీటర్ల మధ్య సాగేటప్పుడు బరువైన విల్లుతో సాధించేదేమిటో మళ్ళీ ఒకసారి ఆలోచించండి.

చివరగా తూర్పు హైదరాబాద్‌లోని కోచ్‌లకు, కళాశాలల క్రీడా విభాగాలకు ఒక విజ్ఞప్తి. కొలత తేలకముందే ఖరీదైన విల్లు కొని, అది చేతికి మించి, ఆరు నెలల్లో మూలన పెట్టేసేవాళ్ళకు అడ్డుపడగలిగింది మీరే. 20 నుంచి 30 పౌండ్ల దాకా తేలికపాటి విల్లులు నాలుగు, అంగుళాలు గీసిన పొడుగాటి బాణం ఒకటి అరువిచ్చేందుకు దగ్గర ఉంచుకోండి. ఆ బాణం మీద తన అంకె చూసుకున్న తర్వాతే ఎవరైనా విల్లుకు బయానా ఇచ్చేలా చూడండి.